పొగకి దారి చూపిన ఫ్రాంక్లిన్

బెంజమిన్ ఫ్రాంక్లిన్ పేరు మనకి సైన్సు పాఠంలో మెరుపుల దగ్గర వస్తుంది. 1752లో గాలిపటం ఎగరేసి మెరుపంటే కరెంటేనని చూపించాడని చదువుతాం, అంతటితో ఐపోతుంది. కాని ఆయన కట్టెల పొయ్యి గురించి, పొగ గురించి నలభై ఏళ్ళ పైన ఆలోచించాడు. మా సైన్సు టీచరుగారు చెప్తే తెలిసింది. మన హాస్టల్లో చాలామంది అమ్మలు ఇంకా కట్టెల మీదే వండుతున్నారు కనక నేను ఆ సంగతే ఎక్కువ రాస్తున్నాను.

ఫ్రాంక్లిన్ 1706 జనవరి 17న అమెరికాలో బోస్టన్ పట్నంలో పుట్టాడు. అప్పుడు అమెరికా ఇంగ్లండు రాజు కింద ఉండేది. వాళ్ళ నాన్న కొవ్వొత్తులు, సబ్బులు చేసి అమ్మేవాడు. పిల్లలు మొత్తం 17 మంది! ఈయన బడికి పోయింది రెండేళ్ళే. పదో ఏట మానిపించి కొవ్వొత్తుల పనిలో పెట్టారు. పన్నెండో ఏట సొంత అన్న దగ్గరే అచ్చు పనికి కుదిర్చారు. ఆ అన్న కొట్టేవాడంట. 1723లో, 17 ఏళ్ళప్పుడు, ఎవరికీ చెప్పకుండా ఫిలడెల్ఫియా పారిపోయాడు. అక్కడ సొంత ప్రెస్సు పెట్టాడు. బడి లేకపోయినా చదువు మానలేదు. స్నేహితులందరి చేత తలా కొంత డబ్బు వేయించి 1731లో ఒక గ్రంథాలయం పెట్టించాడు. నాకు గాలిపటం కంటే ఇదే నచ్చింది.

అక్కడ చలికాలం మన ధనుర్మాసం లాంటిది కాదు. మంచు పడి నదులు గడ్డ కడతాయి. ఇంట్లో గోడకి పెద్ద గూడులాగా కట్టి అందులో కట్టెలు మండించేవాళ్ళు. దాని వేడి చాలా వరకు పొగతో పాటు గొట్టంలోంచి పైకి పోయేది. మనం నెగడు ముందు కూర్చుంటే ముందు వైపు కాలుతుంది, వీపు వణుకుతుంది చూడండి, అలాగే వాళ్ళకీ. కట్టెలు కూడా కరువొచ్చాయి. కొన్ని పట్నాలకి దాదాపు 100 మైళ్ళ నుంచి తేవాల్సి వచ్చేదని ఆయనే రాశాడు. అందుకని 1742 ప్రాంతంలో పోత ఇనుముతో ఒక పొయ్యి కనిపెట్టాడు. తక్కువ కట్టెలతో గదంతా వెచ్చబడాలని. 1744లో దాని గురించి చిన్న పుస్తకం వేశాడు. గవర్నరు పేటెంటు ఇస్తానన్నా వద్దన్నాడు. ఇతరులు కనిపెట్టినవి మనం వాడుకుంటున్నాం, మనవి వాళ్ళు ఊరికే వాడుకోనీ అని ఆయన ఉద్దేశం. లండన్లో ఒక ఇనప సామాన్ల వ్యాపారి దాన్నే కొంచెం మార్చి పేటెంటు తీసుకుని డబ్బు చేసుకున్నాడు!

ఐతే ఆ పొయ్యిలో ఒక తంటా ఉంది. పొగ ముందు కిందికి దిగి, తర్వాత గొట్టంలోకి ఎక్కాలి. పొయ్యి చల్లగా ఉంటే పొగ కిందికి దిగదు కదా, గదిలోకే వచ్చేది. తర్వాతి వాళ్ళు ఆ దారి మార్చారు.

ఇంకో మాట. ఆ అడవులు మొదట అక్కడి ఆదివాసులవి. 1763 డిసెంబరులో తెల్లవాళ్ళ గుంపు కొనెస్టోగా ఆదివాసులు 20 మందిని, పిల్లలతో సహా, చంపింది. 1764లో ఫ్రాంక్లిన్ దాన్ని గట్టిగా ఖండిస్తూ పుస్తకం రాశాడు. మరి ఆయన ఇంట్లోనే బానిసలు ఉండేవాళ్ళు. ఇది నాకు నచ్చలేదు. ముసలితనంలో, 1787లో, బానిసత్వం పోవాలనే సంఘానికి అధ్యక్షుడయ్యాడు.

1776లో స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టాడు, ఫ్రాన్సుకి రాయబారిగా వెళ్ళాడు. ఇవన్నీ పెద్ద పుస్తకాల్లో ఉంటాయి. 1785లో 79 ఏళ్ళ వయసులో ఓడలో తిరిగి వస్తూ ఆయన ఏం రాశాడనుకుంటున్నారు? పొగగొట్టాలు ఎందుకు పొగ కక్కుతాయో రాశాడు! తొమ్మిది కారణాలు చెప్పాడు. గొట్టం పొట్టిగా ఉండటం, పక్కన ఎత్తయిన మిద్దె ఉంటే గాలి పైనుంచి గొట్టంలోకి కొట్టడం, ఇలాగ. 1790 ఏప్రిల్ 17న చనిపోయాడు.

ఆ తొమ్మిదిలో మొదటిది మా ఇంటి సంగతే. పొగ తనంతట తాను పైకి పోదు. వేడి గాలి తేలిక కనక లేస్తుంది, అదే పొగని మోసుకుపోతుంది. పైకి పోయినంత గాలి కింద నించి లోపలికి రావాలి. కొత్త ఇళ్ళలో తలుపులు బిగుతుగా ఉంటే గాలి రాదు, పొగ వెనక్కి తిరుగుతుంది. మేము కాలవ గట్టు మీద తాటాకు ఇంట్లో ఉన్నప్పుడు ఇంత పొగ లేదని మా అమ్మ ఎప్పుడూ అనేది. కాలనీ ఇంట్లో గొట్టం ఉండి కూడా అమ్మ దగ్గుతుంది, కళ్ళు ఎర్రగా ఉంటాయి. గ్యాసు ఉంది గాని బండ ఐపోతే మళ్ళీ తుమ్మ కంపే.

మన దగ్గర కూడా దీని మీద పనిచేసినవాళ్ళు ఉన్నారు. హైదరాబాదులో ఎస్.పి. రాజు గారనే ఇంజనీరు గొట్టం ఉన్న మట్టి పొయ్యి తయారు చేసి, 1953లో లక్షలాది మందికి పొగలేని వంటిళ్ళు అనే అర్థం వచ్చే పేరుతో ఇంగ్లీషులో పుస్తకం వేశారు.

ఫ్రాంక్లిన్ చెప్పిన లెక్క ఇది. పొయ్యి మండించి తలుపు మూయాలి. పొగ గదిలోకి వస్తుంది. తలుపు కొంచెం కొంచెంగా తెరవాలి. పొగ గొట్టంలోకి మళ్ళగానే ఆపి సందు కొలవాలి. తలుపు 8 అడుగులు, సందు అరంగుళం ఐతే 96 × ½ = 48 చదరపు అంగుళాలు. అంటే 6 × 8 కన్నం చాలు. దసరా సెలవుల్లో నేను, మా నాయన ఇలాగే చేశాం. ముందు గొట్టంలో మసి గీకాం, అది బోలెడు వచ్చింది. మా తలుపు 6 అడుగులు, సందు అంగుళం దగ్గర పొగ తిరిగింది. 72 చదరపు అంగుళాలు. ఇటుక మొహం 9 × 3, అంటే 27. గోడ అడుగున మూడు ఇటుకలు తీస్తే 81, సరిపోతుంది. కన్నంలోంచి పాములొస్తాయని అమ్మ ఒప్పుకోలేదు. నాయన తెనాలి నించి ఇనప జాలీ తెచ్చి బిగిస్తానన్నాడు. అప్పటిదాకా తలుపుకి అంగుళం మందం చెక్క అడ్డం పెట్టి వండుతుంది.

— 9వ తరగతి విద్యార్థిని, అమృతలూరు