బాటప్రక్క వైద్యము

తిండివనమున ఒక్క రాత్రిలో మువ్వురు ప్రసవవేదనచే మరణించిరి. వైద్యుఁడు చెంతనే యుండెను. పురుషుఁడగుటచే భర్తలు అంగీకరింపరైరి. ఆ వైద్యుని కుమార్తెయే ఐడా స్కడ్డరు. ఈ దేశమున నిలువ నొల్లని యామె నాఁడు మనసు మార్చుకొని, అమెరికాలో 1899లో వైద్యపట్టమును పొంది, రాయవేలూరు చేరెను. 1902లో స్త్రీలకు, శిశువులకు 40 పడకల ఆసుపత్రి వెలసెను. అయినను దూరగ్రామముల రోగులు పలువురు అచటికి రాఁజాలరైరి. అందుచే నామెయే మందులతో గుడియాత్తము బాటపట్టి, చెట్లనీడలఁ జికిత్స గావించెను. 1918లో స్త్రీలకు వైద్యపాఠశాలను నెలకొల్పెను. 1960లో దివంగతురాలయ్యెను.

ఆసుపత్రి కట్టినంతనే వైద్యము పల్లెకు అందదని యామె జీవితము చాటుచున్నది. వారమునకొకనాఁడు వచ్చు వైద్యులకు ఊరిచావడి నొసంగుట గ్రామపెద్దలకు భారము కాదని మేము తలంచుచున్నాము.