అడవిని తిరిగి చదివిన ఆల్డో లియోపోల్డ్

అడవి యనగా కలపయే యని తలంచువారు పెక్కురు. అట్లు తలంచియే ఉద్యోగమున చేరి, పిదప తన తప్పును తానే తెలిసికొనిన ఒక అమెరికా దేశీయుని చరిత్రమును మా విద్యార్థులకు చెప్పదలచితిమి.

ఆల్డో లియోపోల్డ్ 1887వ సంవత్సరము జనవరి 11వ తేదీన అయోవా రాష్ట్రమునందలి బర్లింగ్టన్ పట్టణమున జన్మించెను. యేల్ విశ్వవిద్యాలయమున అటవీశాస్త్రము నభ్యసించి, 1909లో ప్రభుత్వ అటవీశాఖలో చేరి అరిజోనా అడవులకు వెళ్లెను.

తోడేళ్లు నశించినచో లేళ్లు వృద్ధినొందునని ఆనాటి నమ్మకము. ఒకనాడు ఆయన తోటివారితో కలసి ఒక ఆడతోడేలును కాల్చెను. దగ్గరకు చేరునప్పటికి దాని కన్నులలోని వెలుగు ఆరిపోవుచుండెను. ఆ దృశ్యమును ఆయన ఎన్నడును మరువలేదు. అయినను మనస్సు ఒక్కనాటిలో మారలేదు. పెక్కేండ్లు క్రూరమృగములను నిర్మూలింపవలెననియే వాదించెను. తోడేళ్లు లేని కొండలపై లేళ్లు మితిమీరి, లేత మొక్కలన్నియు మేసి, తుదకు ఆకలిచే చచ్చుట తెలిసిన పిదపనే ఆ వాదమును విడిచెను.

1933లో ఆయన విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. 1935లో జర్మనీ అడవులను చూడబోయెను. అచ్చట స్ప్రూస్ అను ఒకే జాతి చెట్లు వరుసలు తీర్చి నాటబడియుండెను. కలప లెక్కకు అడవి నిండుగనే యుండెను. కాని నేల సారము చెడుచుండెను. చెట్ల క్రింద పూలమొక్కలును పొదలును కరవయ్యెను. ఒక్క చెట్టునే లెక్కించు ప్రణాళిక అడవిని బోలు చేయునని ఆయన గ్రహించెను. నేడు మనము జీవవైవిధ్యమనుదానిని ఆ పేరు పుట్టకముందే గుర్తించెను.

ఆ యేడే విస్కాన్సిన్ నదీతీరమున సారము చెడిన పొలము కొని, భార్యాబిడ్డలతో పైను మొక్కలు నాటెను. తొలుత నాటినవి అనావృష్టిచే చాలవరకు ఎండిపోయెను. వారు మరల నాటిరి. 1943 మొదలు రాష్ట్ర సంరక్షణ సంఘమున సభ్యుడై, అడవి నిలుచుటకు లేళ్ల సంఖ్య తగ్గింపవలెనని చెప్పగా జనులు నిందించిరి. ఆయన వెనుదీయలేదు.

1948 ఏప్రిల్ 21వ తేదీన పొరుగువాని భూమిలో గడ్డికి నిప్పంటుకొనగా, ఆర్పబోయి గుండె ఆగి మరణించెను. ఆయన గ్రంథము మరుసటి యేడు వెలువడెను. అందు ఆ తోడేలు కథను, తన తప్పును దాచక వ్రాసెను.

1998లో అరిజోనా అడవులలోనికి ప్రభుత్వమే తోడేళ్లను మరల విడిచినది. విద్యార్థులారా! లెక్క తప్పినప్పుడు కొట్టివేసి మరల చేయుడని తరగతిలో మేము చెప్పుచుందుము. లియోపోల్డ్ అడవి లెక్కను అట్లే మరల చేసెను. తప్పిన లెక్కను మాత్రము చెరిపివేయక అందఱకు చూపెను.