శామీర్‌పేటను పాఠంగా మలచిన ఆచార్యుడు ఎస్.సి. దూబే

జవహర్‌నగర్: డిగ్రీలో సమాజశాస్త్రం చదివే విద్యార్థికి గ్రామీణ సమాజం అధ్యాయంలో తారసపడే ఊళ్ల పేర్లలో శామీర్‌పేట ఒకటి. ఢిల్లీలో చదివినా, లండన్‌లో చదివినా ఆ ఊరు ఎదురవుతుంది. ఆ శామీర్‌పేట మరెక్కడిదో కాదు, మనదే. 2016లో జిల్లాల పునర్విభజన జరిగే వరకు జవహర్‌నగర్ కూడా రంగారెడ్డి జిల్లా శామీర్‌పేట మండలంలోని గ్రామమే. పొరుగూరి పేరును ప్రపంచ విద్యాలయాలకు చేరవేసిన వ్యక్తి ఆచార్య శ్యామాచరణ్ దూబే.

తెలుగువాడు కాని ఈ పండితుడు 1922 జులై 25న నేటి మధ్యప్రదేశ్ ప్రాంతంలో జన్మించారు. నాగపూర్ విశ్వవిద్యాలయంలో ఆయన అభ్యసించినది సమాజశాస్త్రం కాదు, రాజనీతిశాస్త్రం. కొంతకాలం బోధించినదీ అదే. అయితే మనసు మాత్రం ఛత్తీస్‌గఢ్ పల్లెల పాటల మీద, అడవి జనం మీద ఉండేది. ఛత్తీస్‌గఢ్ జానపద గేయాలపై ఆయన పుస్తకం 1947లో వెలువడింది. కమార్ గిరిజనుల జీవనంపై చేసిన పరిశోధన 1951లో గ్రంథరూపం దాల్చింది. డిగ్రీలో చేరేటప్పుడు ఏ గ్రూపు దొరికితే అదే తలరాత అని దిగులుపడే నేటి విద్యార్థులు ఈ సంగతి గమనించదగినది.

ఉస్మానియాలో కొలువు

నాచారానికి చేరువలోని ఉస్మానియా విశ్వవిద్యాలయంలో అప్పటికే మానవశాస్త్రానికి పునాది పడింది. ఆస్ట్రియా దేశస్థుడైన హైమండార్ఫ్ నిజాం ప్రభుత్వానికి గిరిజన వ్యవహారాల సలహాదారుగా పనిచేస్తూ ఇక్కడ బోధించేవారు. చెంచులపై, కొండరెడ్లపై, రాజగోండులపై ఆయన రాసిన గ్రంథాలు నేటికీ ప్రామాణికాలు. ఆయన లండన్‌కు తరలిన తరువాత ఉస్మానియాలో ఆ శాస్త్ర బోధనను కొనసాగించిన వారిలో దూబే ప్రముఖులు. గురుపీఠం అదే అయినా చూపు మారింది. హైమండార్ఫ్ అడవి బాట పట్టగా, దూబే కర్రపొలాల నడుమనున్న సాధారణ పల్లెను ఎంచుకున్నారు. మానవశాస్త్రం అంటే కొండకోనల శాస్త్రమనే భావన బలంగా ఉన్న రోజుల్లో ఇది చిన్న విషయం కాదు.

1951-52లో విశ్వవిద్యాలయం చేపట్టిన సామాజిక సేవా విస్తరణ పథకం కింద ఆయన బృందం శామీర్‌పేటకు వచ్చింది. అందులో సమాజశాస్త్ర విద్యార్థులే కాక వైద్యం, పశువైద్యం, వ్యవసాయ విభాగాల వారు కూడా ఉన్నారు. ఊరి నుంచి వివరాలు తీసుకుని వెళ్లిపోవడం కాకుండా, ఊరికి చేతనైనది చేయడం కూడా ఆ పథకంలో భాగం. నాలుగు ప్రశ్నలు ముద్రించుకుని వచ్చి, సంతకాలు చేయించుకుని గంటలో వెళ్లిపోయే సర్వేలను మనం చాలా చూశాం. వాటికీ దీనికీ పోలిక లేదు.

హైదరాబాద్ రాజ్యంలో పోలీసు చర్య జరిగి అప్పటికి మూడేళ్లు. జాగీర్లు 1949లో రద్దయ్యాయి. పాత అధికారం కదిలిపోతూ, కొత్తది ఇంకా కుదురుకోని సమయంలో సాగిన అధ్యయనమిది.

ఊరిలో ఎవరి స్థానం ఎక్కడ?

ఫలితంగా 1955లో వెలువడిన ‘ఇండియన్ విలేజ్’ స్వతంత్ర భారతంలో ఒకే గ్రామాన్ని సమగ్రంగా పరిశీలించిన తొలి గ్రంథాలలో ఒకటిగా నిలిచింది. అమెరికా మానవశాస్త్రవేత్త మోరిస్ ఓప్లర్ దానికి ముందుమాట రాశారు. కుటుంబం, కులం, వ్యవసాయం, పండుగలు, గ్రామదేవతల కొలుపులు, జీవన ప్రమాణాలు, వస్తున్న మార్పులు అందులో వరుసగా కనిపిస్తాయి. కుమ్మరి, వడ్రంగి, చాకలి, మంగలి చేసే సేవలకు పంట కాలంలో ధాన్యం ముట్టజెప్పే పద్ధతి, మాల, మాదిగలను దూరంగా ఉంచిన తీరు దాపరికం లేకుండా నమోదయ్యాయి.

విద్యార్థులు పరీక్షల కోసం కంఠస్థం చేసే అంశం మరొకటి ఉంది. ఊరిలో మనిషి హోదా కులంతోనే తేలిపోదని దూబే నిరూపించారు. మతం, కులం ఒక అంశం కాగా, భూమి, సంపద, ప్రభుత్వ ఉద్యోగం లేదా గ్రామ వ్యవస్థలో పదవి, వయసు, వ్యక్తిగత గుణగణాలు మిగిలినవి. మొత్తం ఆరు. నేటి పంచాయతీ ఎన్నికల వేళ రచ్చబండ దగ్గర నిలబడి చూసినా ఈ ఆరింటినీ వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వాటి పాళ్లు మాత్రం మారాయి. పల్లె అంటే యుగాలుగా కదలని, బయటి ప్రపంచంతో పనిలేని రాజ్యమన్న పాత అభిప్రాయాన్ని కూడా ఆయన తోసిపుచ్చారు. నగరం అంచున ఉన్న శామీర్‌పేటే అందుకు సాక్ష్యం.

ఒక్క లోటు చెప్పుకోక తప్పదు. ఊరి గురించి రాసిన పుస్తకం ఊరివారికి రాని ఇంగ్లిషులో వచ్చింది. అయితే ఆ తరువాత దూబే హిందీలోనూ విస్తృతంగా రాశారు. మానవశాస్త్రాన్ని సొంత భాషలో విద్యార్థికి అందించేందుకు ‘మానవ్ ఔర్ సంస్కృతి’ వెలువరించారు. జాతీయ పుస్తక సంస్థ కోసం భారతీయ సమాజంపై సులభశైలిలో మరో పుస్తకం రచించారు. పోటీ పరీక్షలకు సిద్ధమయ్యే వారి బల్లలపై అది నేటికీ కనిపిస్తుంది.

హైదరాబాద్ వీడిన తరువాత ఆయన సాగర్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా, సిమ్లా ఉన్నత అధ్యయన సంస్థ సంచాలకులుగా, జమ్మూ విశ్వవిద్యాలయ ఉపకులపతిగా బాధ్యతలు నిర్వహించారు. గ్రామాభివృద్ధి పథకాలు పల్లెల్లో ఎందుకు తడబడతాయో వివరించే గ్రంథాన్ని 1958లో వెలువరించారు. 1993లో మూర్తిదేవి పురస్కారం లభించింది. 1996లో కన్నుమూశారు. స్త్రీల స్థితిగతులు, బంధుత్వంపై విశేష కృషి చేసిన ఆయన సతీమణి లీలా దూబే 2012లో మరణించారు.

హైమండార్ఫ్‌ను ఆదిలాబాద్ గోండులు మరువలేదు. మార్లవాయిలో ఏటా జనవరి 11న ఆయనను స్మరించుకుంటారు. దూబేకు మన ప్రాంతంలో ఆ స్థాయి ఆదరణ దక్కలేదు. ఆయన చూసిన పల్లె చుట్టూ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, జవహర్‌నగర్ వైపు బిట్స్ పిలానీ ప్రాంగణం వెలిశాయి. జవహర్‌నగర్ 2019లో నగరపాలక సంస్థగా మారింది. వలస వచ్చినవారు, మాజీ సైనికులు, చెత్త ఏరుకుని బతికేవారు ఒకే చోట నివసించే ఈ ఊరిలో, హోదాను తేల్చే ఆ ఆరు అంశాలు ఇప్పుడెలా పనిచేస్తున్నాయో ఇంటింటికీ వెళ్లి రాసే పని ఉప్పల్, నాచారం, కాప్రా డిగ్రీ కళాశాలల విద్యార్థుల కోసం ఎదురుచూస్తోంది.