మార్కెట్ వద్దన్న గుత్తేదారు: జోతిరావు ఫూలే జీవితంలో మనకు తెలియని భాగం

బామ్ని నుంచి సిరోంచ దాకా, అటు అంకీసా, అసరెల్లి దాకా మన ఇళ్లలో మాట తెలుగు. మన పిల్లల చదువు ఎక్కువగా మరాఠీలో. ఆ మరాఠీ చదువు ద్వారానే మనకు మహాత్మా జోతిరావు ఫూలే పరిచయం. ఏటా ఏప్రిల్ 11న జయంతి, నవంబర్ 28న వర్ధంతి జరుపుకుంటాం. ఆడపిల్లలకు బడి పెట్టిన మహానుభావుడని, సావిత్రిబాయి భర్త అని, సత్యశోధక సమాజం స్థాపించాడని చెప్పుకుంటాం. అంతటితో సభ ముగుస్తుంది.

కానీ ఆయన బతుకుదెరువు ఏమిటి? బళ్లు నడపడానికి, పుస్తకాలు అచ్చు వేయడానికి డబ్బు ఎక్కడిది? ఫూలే గుత్తేదారు. ఇప్పటి మాటల్లో కాంట్రాక్టర్. రాయి, సున్నం, కూలీల లెక్కలు తెలిసిన మనిషి. ప్రజల డబ్బుతో కట్టే కట్టడాలను లోపలి నుంచి చూసిన మనిషి. ఆ పనిలో ఆయనకు అండగా నిలిచిన వారిలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. ఈ భాగం మన ప్రాంతం వాళ్లు తప్పక తెలుసుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

పూలు అమ్మిన ఇల్లు

జోతిరావు 1827 ఏప్రిల్ 11న పుట్టారు. తండ్రి గోవిందరావు, తల్లి చిమ్నాబాయి. కులం మాలీ, అంటే తోటపని చేసేవాళ్లు. వీళ్ల అసలు ఇంటిపేరు గోర్హే, సొంతూరు సతారా ప్రాంతంలోని కట్గున్. పుణేకు వచ్చి పీష్వాల కొలువుకు పూలు అందించినందుకు ఫూలే అనే పేరు స్థిరపడింది. జోతిరావు పసివాడిగా ఉండగానే తల్లి పోయింది. చదువు మధ్యలో ఆగి మళ్లీ మొదలైంది. స్కాటిష్ మిషన్ స్కూల్లో 1847లో చదువు ముగించారు. అంతకుముందే, 1840లో, సావిత్రిబాయితో పెళ్లయింది.

1848లో పుణేలోని భిడే వాడాలో ఆడపిల్లల కోసం బడి తెరిచారు. సావిత్రిబాయి అక్కడ పంతులమ్మ. ఆ బడి కోసం కొత్త భవనం కట్టలేదు. భిడే కుటుంబం ఇచ్చిన వాడాలోని గదులే తరగతులు. శూద్రుల, అతిశూద్రుల పిల్లలకు, ఆడపిల్లలకు అక్షరం నేర్పితే ఊరుకోని కాలం అది. ఒత్తిడికి తట్టుకోలేక తండ్రి ఇల్లు వదిలి పొమ్మన్నాడు. 1849లో భార్యాభర్తలిద్దరూ కట్టుబట్టలతో బయటికి నడిచారు. బడి మాత్రం మూయలేదు.

రాయి, సున్నం, కూలి

సంసారం నడవాలి, సేవా నడవాలి. జోతిరావు వ్యాపారంలోకి దిగారు. లోహాన్ని పోతపోసే పనికి కావలసిన సామాను అమ్మే వ్యాపారం 1863లో మొదలుపెట్టారు. పుణే దగ్గర మాంజ్రీలో 60 ఎకరాల సాగు చేశారు. సర్కారు పనులకు గుత్తలు పట్టారు. 1870ల్లో పుణే దగ్గర నది మీద ఆనకట్ట కడుతుంటే నిర్మాణ సామగ్రి సరఫరా చేశారు. పుణే నుంచి సతారా పోయే దారిలో కాత్రజ్ ఘాట్ సొరంగం పనికి, యెరవాడ జైలు కట్టడానికి కూలీలను అందించే గుత్తలు ఆయనకు దక్కాయి. తర్వాతి కాలంలో గాంధీజీని ఉంచిందీ, 1932లో అంబేద్కర్, గాంధీల నడుమ పూనా ఒడంబడిక కుదిరిందీ ఆ యెరవాడ జైల్లోనే.

సొరంగం తవ్వేటప్పుడు, గోడ లేపేటప్పుడు కూలి మనిషి పడే పాటు ఆయన దగ్గర నుంచి చూశారు. పని చేసేది ఒకరు, పట్టీలో పేరు రాసుకునేది ఇంకొకరు, నడుమ మిగిలేది మరొకరికి. చదువు రాని కూలీకి తన కూలి ఎంత రాశారో కూడా తెలియదు. ప్రజాపనుల శాఖలో జరిగే ఈ మోసాల మీద ఆయన తన రచనల్లోనూ గొంతు విప్పారు. ఆయనకు చదువు మీద అంత పట్టుదల ఎందుకో ఇక్కడ మనకు అర్థమవుతుంది. అక్షరం వస్తేనే కూలీ తన లెక్క తాను చూసుకోగలడు.

ఇల్లు కూడా ఆయనకు ప్రజల ఆస్తే. 1863లో మోసపోయిన వితంతువుల కోసం, వాళ్లకు పుట్టే బిడ్డలు చంపబడకుండా కాపాడడం కోసం ఆశ్రయం తెరిచారు. 1868లో తన ఇంటి నీళ్ల హౌదును అంటరానివాళ్లుగా ముద్రపడిన వారికి తెరిచారు. ఊరి బావి దగ్గర నీళ్లు తోడుకోనివ్వని రోజుల్లో ఆ హౌదు ఎంత పెద్ద మాటో మన పెద్దలను అడిగితే చెబుతారు.

బొంబాయిలో మనవాళ్లు

1860ల్లో బొంబాయి కోట గోడలు కూల్చారు. ఆ తర్వాత ముప్పై ఏళ్లలో ఆ నగరం ముఖమే మారిపోయింది. సచివాలయం, విశ్వవిద్యాలయం, హైకోర్టు, విక్టోరియా టెర్మినస్, కార్పొరేషన్ భవనం వరసగా లేచాయి. ఆ కాలంలో నిజాం రాజ్యం నుంచి వేల మంది తెలుగువాళ్లు పొట్ట చేతబట్టుకుని బొంబాయికి వెళ్లి కట్టడం పనుల్లో చేరారు. అక్కడి వాళ్లు వీళ్లను కామాఠీలు అన్నారు. వాళ్లు ఉన్న పేటే కామాఠిపురా. ఈనాడు ఆ పేరు వినగానే జనానికి వేరే సంగతి గుర్తొస్తుంది. అది మొదట తెలుగు కూలీల పేట అన్నది మరుగున పడింది.

ఆ తెలుగువాళ్లలో కొందరు గుత్తేదార్లుగా ఎదిగారు. రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కరాడి లింగు, వ్యంకు బాలోజీ కాలేవార్ వంటివారు ఫూలేకు దగ్గరి సహచరులయ్యారు. 1873 సెప్టెంబర్ 24న సత్యశోధక సమాజం ఏర్పడింది. ఈ తెలుగు గుత్తేదార్లు సమాజానికి డబ్బిచ్చారు, అచ్చు యంత్రం సమకూర్చారు. 1877లో కృష్ణరావు భాలేకర్ పుణేలో మొదలుపెట్టిన దీనబంధు పత్రికను 1880 నుంచి బొంబాయిలో నారాయణ మేఘాజీ లోఖండే నడిపారు. దాని వెనకా అయ్యవారి సాయం ఉంది. మహారాష్ట్రలో అణగారిన వర్గాల మొదటి గొంతుల్లో ఒకటైన ఆ పత్రికకు తెలుగు చెమట సొమ్ము ఊపిరి పోసింది. మహారాష్ట్రలో తెలుగువాళ్లు నిన్నమొన్న వచ్చిన పరాయివాళ్లు అనే మాట ఎప్పుడైనా వినబడితే, ఈ చరిత్ర గుర్తు చేయాలి.

మునిసిపాలిటీలో ఒంటరి ఓటు

1876లో ఫూలేను పుణే మునిసిపాలిటీ సభ్యుడిగా నియమించారు. 1883 వరకు ఆ పదవిలో ఉన్నారు. 1880లో వైస్రాయ్ లిట్టన్ పుణేకు వస్తున్నాడని, స్వాగతానికి 1000 రూపాయలు ఖర్చు పెట్టాలని ప్రతిపాదన వచ్చింది. నియమిత సభ్యుల్లో వ్యతిరేకంగా ఓటు వేసింది ఫూలే ఒక్కరే. ఆ డబ్బు పేదల చదువుకు పెట్టమన్నారు. సర్కారు గుత్తల మీద బతికే మనిషి సర్కారు పెద్దకు జరిగే మర్యాదను కాదన్నాడంటే, తన పొట్టకు నష్టం వస్తుందని తెలిసే కాదన్నాడు.

తర్వాత మార్కెట్ వ్యవహారం వచ్చింది. పుణేలో కూరగాయల అంగళ్లకు గొప్ప భవనం కట్టాలని మునిసిపాలిటీ తలపెట్టింది. ఫూలే వద్దన్నారు. కట్టడాలంటే ఆయనకు గిట్టక కాదు, కట్టడాలే ఆయన వృత్తి. ఊళ్లో పిల్లలకు బడి లేనప్పుడు అంత సొమ్ము గోపురానికి పోయడం తగదన్నది ఆయన వాదం. అదే 1882లో హంటర్ విద్యా కమిషన్ ముందు ఆయన ఒక నివేదిక పెట్టారు. అందులో తనను తాను వ్యాపారి, రైతు అని చెప్పుకున్నారు. సర్కారు ఖజానాకు శిస్తు కట్టేది రైతు, చదువు ఫలం అందుకునేది పైవర్గం అని ఎత్తిచూపారు. 12 ఏళ్ల వరకు పిల్లలందరికీ ప్రాథమిక విద్య తప్పనిసరి చేయాలని కోరారు. మరుసటి ఏడు రైతుల దుస్థితి మీద షేత్కర్యాచా ఆసూడ్ రాశారు.

ఆయన మాట చెల్లలేదు. ఎనిమిది మూలల ఆ భవనం లేచింది. నడిమధ్యన ఎత్తైన గోపురంతో 1886లో రే మార్కెట్ పేరుతో తెరుచుకుంది. అయితే కాలం తిరిగింది. అదే భవనానికి తర్వాత మహాత్మా ఫూలే మండై అని పేరు పెట్టారు. వద్దన్నవాడి పేరే దానికి నిలిచింది. ఇప్పటికీ అక్కడ కూరగాయల బేరం సాగుతోంది.

చివరి రోజులు

1888 మే 11న బొంబాయిలోని మాండ్వీ కోలీవాడా సభలో జనం ఆయనకు మహాత్మ బిరుదు ఇచ్చారు. ఆ బిరుదు రాజులు ఇచ్చింది కాదు. అదే ఏడు పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. ఎడమ చేత్తో రాసి సార్వజనిక సత్యధర్మ పుస్తకం పూర్తి చేశారు. అది ఆయన పోయాకే అచ్చయింది. 1890 నవంబర్ 28న కన్నుమూశారు. గుత్తల్లో వచ్చింది గుత్తేదారు ఇంట్లో మిగలలేదు. సావిత్రిబాయి 1897లో ప్లేగు రోగులకు సేవ చేస్తూ అదే ప్లేగుతో మరణించారు.

భిడే వాడా మాత్రం ఏళ్ల తరబడి శిథిలమై, కోర్టు వివాదాల్లో నలిగింది. 2023 డిసెంబర్‌లో దాన్ని కూల్చి స్మారకానికి దారి చేశారు. దేశంలో ఆడపిల్లల చదువుకు పేరుమోసిన ఆ గదులను సకాలంలో బాగు చేసుకోలేకపోయాం. కట్టడం కన్నా కాపాడడం కష్టమని ఇది చెబుతోంది.

మన ఊరికి ఏమిటి?

మన దగ్గరా కట్టడాలు లేస్తున్నాయి. గ్రామపంచాయతీ భవనం, అంగన్‌వాడీ, ఆశ్రమశాల, ఆరోగ్య ఉపకేంద్రం, ఏ ఊళ్లో చూసినా ఏదో ఒక పని ఉంటుంది. వాటి గోడ మీద ఫూలే పటం పెట్టడం మంచిదే. దాంతో పాటు ఆయన అడిగిన లెక్కలూ అడగాలి. ఊరికి ముందు కావలసింది ఇదేనా? కురిసే బడి కప్పు బాగు చేయకుండా కొత్త కమాను ఎందుకు? కూలీ పట్టీలో ఉన్న పేర్లు పనిలో ఉన్నవాళ్లవేనా? గ్రామసభలో అంచనా కాగితం చూపించమని అడిగే హక్కు మనకుంది. దాన్ని చదవగలిగే పిల్లలూ ఇప్పుడు మన ఇళ్లలో ఉన్నారు. ఆ పిల్లల్లో ఆడపిల్లలు ఉండడం వెనక ఈ గుత్తేదారు, ఆయన భార్య పడ్డ కష్టం ఉంది. వచ్చే జయంతికి దండతో పాటు ఒక అంచనా కాగితం కూడా తీసుకుని వెళ్దాం.