సూరతు చూచిన కన్నులు

గుజరాతు దేశమున తపతీ నది యొడ్డున నున్న సూరతు పట్టణము నేడు అనేక తెలుగు నేతకుటుంబములకు నివాసస్థలము. 1764వ సంవత్సరమున బొంబాయి నుండి ఆ పట్టణమును చూడవచ్చిన వారిలో ఒక జర్మను సర్వేయరు ఉండెను. ఆయన పేరు కార్‌స్టెన్ నీబూర్, వయస్సు ముప్పదియొక సంవత్సరములు. 1761 జనవరిలో కోపెన్‌హాగెన్ నుండి ఆయనతో కలిసి ఆరుగురు బయలుదేరిరి. వారిలో భాషాపండితుడు ఫాన్ హావెన్, వృక్షశాస్త్రజ్ఞుడు ఫోర్‌స్కోల్ యెమెన్ దేశమున మరణించిరి. చిత్రకారుడును సేవకుడును సముద్రయానములో ఒక్క దినము తేడాతో కన్నుమూసిరి. వైద్యుడు క్రామర్ ఆ ఫిబ్రవరి మాసముననే బొంబాయిలో మరణించెను. మిగిలినవాడు నీబూర్ ఒక్కడే.

సూరతు కోట అప్పటికి అయిదు సంవత్సరముల క్రితమే ఆంగ్లేయుల వశమైనది. మక్కా యాత్రికులు ఓడలెక్కు రేవు అది. నీబూర్ దాని వర్తకమును, మతములను, ఆచారములను శ్రద్ధతో వ్రాసికొనెను. వ్యాధిగ్రస్తములైన జంతువులకై అచటి హిందూ వర్తకులు నడుపుచున్న ఆశ్రయమును చూడబోగా, అందొక పెద్ద తాబేలు కనబడెను. దానికి చూపు లేదు. దాని వయస్సు నూరేండ్లు మించినదని అచటివారు ఆయనకు చెప్పిరి. ఏబది సంవత్సరములకు పిమ్మట తానును చూపులేని వృద్ధుడై పరుల చేతిమీద ఆధారపడవలసి వచ్చునని ఆ యువకునికి నాడు తోచియుండదు.

నీబూర్ 1733 మార్చి 17న ఉత్తర జర్మనీలోని లూడింగ్‌వర్త్ గ్రామమున రైతుల యింట జన్మించెను. శైశవమునందే తల్లిని, పదియారవ యేట తండ్రిని పోగొట్టుకొని, కొంతకాలము సేద్యము చేసెను. ఆ ప్రాంతమున ఒక భూమి విస్తీర్ణమును గూర్చి తగవు వచ్చినప్పుడు, కొలువగలవాడు స్థానికులలో ఒక్కడును లేడని తెలిసి, అది తన ఊరికి తలవంపని ఎంచి, ఆ విద్య నేర్వ నిశ్చయించెను. ఇరువది దాటిన వయస్సున హాంబర్గులో పిల్లల ప్రక్కన కూర్చుండి పాఠములు చదువుటకు ఆయన సిగ్గుపడలేదు. తరువాత గొట్టింగెన్ విశ్వవిద్యాలయమున టోబియాస్ మాయర్ అను ఖగోళశాస్త్రజ్ఞుని శిష్యుడాయెను.

ఆ విశ్వవిద్యాలయముననే మికాయేలిస్ అను బైబిలు పండితుడుండెను. పాత నిబంధనలోని మొక్కలు, జంతువులు, వ్యాధులు, ఎఱ్ఱసముద్రపు ఆటుపోటులు మొదలగువాటిని గూర్చి పుస్తకములలో దొరకని సమాధానములను అరబ్బు దేశములలో వెదకింపవలెనని ఆయన డెన్మార్కు ప్రభుత్వమును కోరెను. రాజైన అయిదవ ఫ్రెడరిక్ ఒప్పుకొని పంపిన బృందమే ఇది. నీబూర్ అందు కొలతలవాడు మాత్రమే; పండితులలో ఆయనది చివరి స్థానము. అయినను పండితులు మరణించిన తరువాత పని మానక పూర్తిచేసినవాడు ఆయనయే.

ఆయన పని యెల్ల కన్నులతో చేయునదే. ఒక స్థలము అక్షాంశము తెలియవలెనన్న మధ్యాహ్నమున సూర్యుని ఎత్తును, రాత్రియందు నక్షత్రముల ఎత్తును కొలువవలెను. ఇత్తడి వలయముపై చెక్కిన సన్నని గీతలను దీపపు వెలుగున చదువవలెను. రేఖాంశమునకైతే చంద్రునికిని నక్షత్రములకును మధ్య దూరమును కొలువవలెను. సూర్యుని సరియైన రక్షణ లేక చూచినయెడల కంటి లోపలి పొర నడిమి భాగము కాలిపోవునని నేడు వైద్యులకు తెలియును. ఆ పొరకు నొప్పి తెలియదు గనుక, హాని జరుగుచున్న క్షణమున మనుష్యుడు దానిని గుర్తింపలేడు. నీబూర్ ఈ పనిని ఒకటి రెండు దినములు కాదు, దాదాపు ఏడేండ్లు చేసెను.

1764 డిసెంబరులో బొంబాయి విడిచి మస్కట్ మీదుగా పారసీక దేశము చేరి, 1765 మార్చిలో పెర్సెపొలిస్ శిథిలములయొద్ద ఆగెను. నునుపు చేయబడిన నల్లని రాతిపై మేకుల ఆకారమున చెక్కబడిన వ్రాతలు అచట నున్నవి. వాటిని చదువగలవాడు నాడు భూమిమీద ఒక్కడును లేడు. సూర్యకాంతి తిన్నగా పడినప్పుడే ఆ గీతలు స్పష్టముగా కనబడును. నీడలో అవి రాతిలో కలిసిపోవును. కాబట్టి ఎండ మిక్కుటముగా నున్న వేళలయందే, మెరయు రాతికెదురుగా నిలిచి, ఒక్కొక్క గురుతును నకలు వ్రాసెను. మూడు వారములకు పైగా ఇట్లు చేయగా కన్నులు వాచి మండెను. ఆయన ఆర్మీనియా సేవకుడును అచట మరణించెను. చిత్రములు ముగియకమునుపే ఆయన ఆ స్థలము విడువవలసి వచ్చెను. ఆయన ప్రయాణమంతటిలో ఇంతటి వెల చెల్లించిన పని మరియొకటి లేదు.

బబులోను శిథిలములను, మోసుల్ నగరమునకెదురుగా నున్న నీనెవె దిబ్బలను, పాలస్తీనాను చూచి 1767 నవంబరులో కోపెన్‌హాగెన్ చేరెను. 1772లో అరేబియా వర్ణనమును, 1774, 1778 సంవత్సరములలో యాత్రాగ్రంథపు రెండు సంపుటములను ప్రకటించెను. సూరతు వృత్తాంతమును పెర్సెపొలిస్ నకళ్లును రెండవ సంపుటమున నున్నవి. ఆ వ్రాతలలో మూడు వేర్వేరు లిపులున్నవనియు, వాటిలో సులభమైనదానికి 42 గురుతులున్నవనియు ఆయన కనిపెట్టెను. ఒక్కదానిని కూడ చదువలేకపోయినను, చూచినదానికి ఏమియు చేర్చక, కనబడినది కనబడినట్లే ఇచ్చెను. అనువాదము చేయువారికి ఈ నిగ్రహము విలువ తెలియును.

1778లో హోల్‌స్టైన్ ప్రాంతమున మెల్‌డోర్ఫ్ అను చిన్న పట్టణమునకు దస్తావేజుల ఉద్యోగిగా వెళ్లెను. అప్పటికి ఆయనకు నలుబదియైదేండ్లు. ఆ వయస్సున ఎవరికైనను కంటిలోని కటకము బిరుసెక్కి, దగ్గరి అక్షరములు మసకబారును. ఆయన వృత్తియో లెక్కల పుస్తకములతోనే. సాయంకాలములలో కుమారుడు బార్తోల్డ్‌కు భూగోళమును, అరబ్బీని నేర్పుచు తూర్పు దేశముల కథలు చెప్పెడివాడు. ఆ బాలుడే తరువాత రోమా చరిత్రకారుడుగా ప్రసిద్ధి కెక్కెను.

1802లో గొట్టింగెనులో గ్రోటెఫెండ్ అను యువ ఉపాధ్యాయుడు ఆ నకళ్లను ముందుంచుకొని, వాటియందు ఇద్దరు రాజుల పేర్లను చదివెను. మన బైబిలులో దర్యావేషు అనియు, అహష్వేరోషు అనియు మనమెరిగిన పేర్లే అవి. ఆ లిపి తెరచిన తలుపు గుండ పండితులు ముందుకు సాగి, 1857 నాటికి అష్షూరు, బబులోనుల వ్రాతలను సయితము నమ్మకముగా చదువగలిగిరి. హిజ్కియా యెరూషలేములో నుండగా సన్హెరీబు దండెత్తివచ్చిన సంగతి అష్షూరు రాజు స్వంత వ్రాతలోనే బయలుపడెను.

ఇస్సాకు కన్నులు, ఏలీ కన్నులు వృద్ధాప్యమున మందగించినవని లేఖనము చెప్పును. మోషే దృష్టి మాత్రమే మాంద్యము కాలేదు. మోషే నడచిన సీనాయి ఎడారిని 1762లో స్వయముగా చూచివచ్చిన నీబూర్‌కు ఆ వరము లభింపలేదు. చూపు క్రమముగా సన్నగిల్లి, చివరి సంవత్సరములలో పూర్తిగా పోయెను. సూర్యుని, నక్షత్రములను, రాతిగీతలను చదివిన మనుష్యునికి తన పేరును కూడ చదివి పెట్టువారు కావలసివచ్చిరి. ఆయన సణుగలేదు. వచ్చినవారితో సంతోషముగా మాటలాడుచు, ఏబదియేండ్లనాటి సంగతులను తేదీలతో సహా చెప్పెడివాడు.

1816లో కుమారుడు వ్రాసిన జీవితచరిత్రలో ఒక విషయమున్నది. రాత్రి పడకమీద నున్నప్పుడు, లోకపు దృశ్యమేదియు అడ్డురాని ఆ నిశ్శబ్దమున, తాను తూర్పు దేశములలో చూచినవన్నియు వృద్ధుని యెదుట నిలుచుచుండెడివి. అన్నిటికంటె మిన్నగా అచటి రాత్రి ఆకాశము, దాని గాఢమైన నీలము, లెక్కకు మించిన నక్షత్రములు మునుపటి కాంతితోనే ఆయనకు కనబడుచుండెడివి. 1815 ఏప్రిల్ 26న మెల్‌డోర్ఫ్‌లో, ఎనుబదిరెండవ యేట, ఆయన మరణించెను.