తిరుపతి అడవిలో ఆకలి, కేడ్గావ్‌లో అన్నం

కార్తీకమాసంలో పంచమీ తీర్థం నాడు తిరుచానూరు పద్మసరోవరం గట్టున నిలబడితే ఎదురుగా శేషాచలం కొండలు కనిపిస్తాయి. ఆ కొండలను చూసిన ప్రతిసారీ నాకు పదహారేళ్ల ఒక బాలిక గుర్తుకు వస్తుంది. ఆమె పండిత రమాబాయి. 1858లో కన్నడ దేశపు గంగామూల అడవిలో పుట్టిన ఈ మరాఠీ బ్రాహ్మణ బాలిక కుటుంబంతో కలిసి పుణ్యక్షేత్రాలలో పురాణం చెబుతూ దక్షిణాదంతా కాలినడకన తిరిగింది.

తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే భార్య లక్ష్మీబాయికి సంస్కృతం నేర్పిన నేరానికి శాస్త్రసభ ముందు సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చినవాడు. స్త్రీ చదువు విషయంలో శాస్త్రానికి ఎదురు నిలిచిన ఆ కుటుంబం కూలిపని విషయంలో మాత్రం కులమర్యాద దాటలేకపోయింది. 1870లలో కరవు వచ్చినప్పుడు బంగారం, పాత్రలు, బట్టలు అమ్ముకున్నారు. అడుక్కోవడానికీ, ఒళ్లు వంచి పనిచేయడానికీ అభిమానం అడ్డొచ్చింది. చివరకు తిరుపతి అడవి చేరి పదకొండు రోజులు నీళ్లతో, ఆకులతో, గుప్పెడు ఈతపండ్లతో ప్రాణాలు నిలుపుకున్నారు. ఆకలికి తాళలేక తండ్రి పుష్కరిణిలో మునిగి చనిపోవాలని నిశ్చయించుకున్నాడు. అప్పుడు కొడుకు శ్రీనివాస్ కులగర్వం విడిచి కూలికి పోతానన్నాడు. ఆ మాట తండ్రిని ఆ నిశ్చయం నుంచి ఆపింది. కానీ అప్పటికే ఆలస్యమైంది. 1874లో తండ్రి, ఆ వెనువెంటనే తల్లి మరణించారు. రాయచూరులో తల్లి పాడె మోయడానికి చాలినంత మంది రాకపోతే రమాబాయే ఒక కొమ్ము మోసింది.

రమాబాయి ఈ అనుభవాన్ని తరువాత తానే రాసింది. కరవు దేవుడిచ్చిన శాపం కావచ్చునేమో కానీ, చేతులున్న మనిషిని పని ముట్టనీయకుండా చంపింది కులం. ఆమె జీవితమంతా ఈ ఎరుక చుట్టూ తిరిగిందని నేను అనుకుంటాను.

1878లో కలకత్తా పండితులు ఆమెకు పండిత, సరస్వతి బిరుదులిచ్చారు. 1880లో బిపిన్ బిహారీ అనే బెంగాలీ శూద్ర న్యాయవాదిని కులాంతర వివాహం చేసుకున్నది. రెండేళ్లు తిరగకముందే చంటిబిడ్డతో వితంతువైంది. 1883లో ఇంగ్లండులో బాప్తిస్మం తీసుకున్నది. బ్రాహ్మణ పూనా మండిపడింది. 1885లో సత్సార్ పత్రికలో జోతిరావు ఫూలే ఒక్కడే ఆమె పక్షాన గట్టిగా నిలబడ్డాడు.

అమెరికా క్రైస్తవుల విరాళాలతో 1889లో బొంబాయిలో శారదా సదన్ తెరిచినప్పుడు అది ప్రధానంగా అగ్రకుల వితంతువుల ఇల్లు. వంటలో, భోజనంలో వారి కులాచారాలకు భంగం రానివ్వలేదు. ఆ పరిమితిని దాచి ఆమెను కీర్తించడం న్యాయం కాదు. అయినా కొందరు బాలికలు ఆమె ప్రార్థనకు వచ్చి కూర్చోగానే 1893లో సంస్కర్తలు సలహామండలి నుంచి తప్పుకున్నారు.

ఆమెను మార్చింది మళ్లీ కరవే. 1896–97లో మధ్య పరగణాల కరవు శిబిరాలకు వెళ్లి, ఎముకల గూళ్లయిన బాలికలను వందల సంఖ్యలో పూనా దగ్గరి కేడ్గావ్‌కు తెచ్చింది. తిరుపతి అడవిలో తన ఆకలిని ఆ పిల్లల కళ్లలో చూసిందామె. ఆకలితో వచ్చినవారిని కులం అడిగి వేరు పంక్తి వేయడం ఇక సాధ్యం కాలేదు. అదే ముక్తి సదనం. 1900 నాటికి అక్కడ వెయ్యికి పైగా స్త్రీలు, పిల్లలు ఉన్నారు. బావులు తవ్వించి, సేద్యం, పాడి, నేత, గానుగ, అచ్చుపని నేర్పింది. అంధులకు వేరుగా బడి పెట్టింది. తన తండ్రి చేయలేకపోయిన చేతిపని ఇక్కడ అన్ని కులాల ఆడపిల్లలకు జీవనాధారమైంది.

1922లో ఆమె కన్నుమూసింది. అనాథాశ్రమాల గురించి మాట్లాడేటప్పుడు మనం దాతల పేర్లు, మతాల పేర్లు లెక్కపెడతాం. విద్యార్థులు అడగవలసిన ప్రశ్న వేరు: ఆ ఇంట్లో ఎవరు వండిన అన్నం ఎవరు తిన్నారు? పాయిఖానా ఎవరు కడిగారు? మత ప్రచారంపై ఆమెతో ఎంత విభేదించినా, కేడ్గావ్ ఈ ప్రశ్న ముందు తలదించుకోనక్కరలేదు. మన వసతిగృహాలు, మఠాల అన్నసత్రాలు, చర్చిల ఆశ్రమాలు అదే ప్రశ్నకు నేటికీ జవాబు చెప్పవలసే ఉన్నాయి.