చమురు బావుల బురదను కదిలించిన భట్నాగర్

శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి (సి.ఎస్.ఐ.ఆర్.) తొలి అధిపతిగా శాంతి స్వరూప్ భట్నాగర్ పేరు దేశమంతటికీ సుపరిచితం. అంతకు ముందే ఆయన చమురు బావులకు చేసిన మేలు మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు.

1894 ఫిబ్రవరి 21న, నేడు పాకిస్తాన్‌లో ఉన్న భేరాలో ఆయన జన్మించారు. ఎనిమిది నెలల పసితనంలోనే తండ్రి మరణించగా, ఇంజనీరైన మాతామహుని ఇంట పెరిగారు. లాహోర్‌లో విద్య ముగించి లండన్ వెళ్లి, ప్రొఫెసర్ డోనన్ వద్ద పరిశోధన చేసి 1921లో డాక్టరేట్ పొందారు. సబ్బు జాతి లవణాలు నూనెల తలతన్యతను ఎలా మారుస్తాయన్నది ఆయన పరిశోధనాంశం. బెనారస్‌లో మూడేళ్లు బోధించి, 1924లో లాహోర్ విశ్వవిద్యాలయ రసాయన ప్రయోగశాలల బాధ్యత చేపట్టారు.

రావల్పిండి ప్రాంతంలో అటక్ ఆయిల్ కంపెనీకి అప్పట్లో ఒక చిక్కు వచ్చిపడింది. బావి తవ్వేటప్పుడు లోనికి పంపే బురద ద్రవం భూగర్భంలోని ఉప్పునీరు తగలగానే గడ్డకట్టి, పని ముందుకు సాగనిచ్చేది కాదు. యంత్రాలతో తీరే సమస్య కాదది. మట్టి రేణువులను విడివిడిగా ఉంచే విద్యుదావేశ ప్రభావాన్ని ఉప్పు అణచివేయడంతో అవి ఒకదానికొకటి అంటుకునేవి. దేశవాళీ బంకను కలిపి భట్నాగర్ దీనికి విరుగుడు కనుగొన్నారు. బురద చిక్కదనం తగ్గింది, ఉప్పునీటిని తట్టుకునే శక్తి పెరిగింది. పాత క్షేత్రాల రాతి రంధ్రాల్లో చిక్కిన చమురును కదిలించేందుకు నేడు పంపే సబ్బు వంటి రసాయనాల మిశ్రమాల వెనుక ఉన్నదీ ఈ శాస్త్ర శాఖే.

ఇందుకు ప్రతిఫలంగా లండన్‌లోని స్టీల్ బ్రదర్స్ సంస్థ లక్షా యాభై వేల రూపాయలు ఇవ్వజూపింది. ఆనాటికది చిన్న మొత్తం కాదు. ఆయన దానిని సొంతానికి స్వీకరించక, విశ్వవిద్యాలయంలో పెట్రోలియం పరిశోధనకు మళ్లించారు. ఆ నిధితో యువ పరిశోధకులకు ఉపకార వేతనాలు లభించాయి. మేఘనాథ్ సాహా వంటి సమకాలికులు ఈ త్యాగాన్ని మెచ్చుకున్నారు.

1942లో సి.ఎస్.ఐ.ఆర్. ఏర్పడింది. 1947 దేశ విభజనతో ఆ బావులు, లాహోర్ ప్రయోగశాల కూడా పాకిస్తాన్ భూభాగంలోకి వెళ్లాయి. స్వతంత్ర భారతంలో చమురు శుద్ధి కర్మాగారాల స్థాపనకు విదేశీ కంపెనీలతో జరిపిన సంప్రదింపులలో భట్నాగర్ ముఖ్యపాత్ర వహించారు. 1955 జనవరి 1న ఢిల్లీలో గుండెపోటుతో కన్నుమూశారు. విశాఖపట్నంలో కాల్‌టెక్స్ కర్మాగారం 1957లో పని ప్రారంభించింది.